పిల్లి బొంతకు పోచంపల్లి కట్‌పీసులు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ ముంచుతాయి

పాత చీరల బొంత నల్లగొండ, పాలమూరు ఇళ్లకు కొత్త కాదు. పూల మధ్య పిల్లో కుక్కపిల్లో కూర్చున్నట్టు గుడ్డముక్కలు అతికి, గోడకు వేలాడదీయడానికి కుట్టే బొమ్మల బొంత మాత్రం వేరే పని. దానికి భూదాన్ పోచంపల్లి దుకాణాల ఇక్కత్ కట్‌పీసులకు ఐదుకు నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు పోయింది రంగు దగ్గర.

ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు. మగ్గమెక్కాక ఆ పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి డిజైను అంచు మసకగా, ఈకలాగా వస్తుంది. ఆ మసకే పిల్లి బొచ్చు. అయితే కత్తెర పెట్టేముందు అది పడుగు (నిలువు పోగుల) వెంట సాగిందా, పేక (అడ్డం పోగుల) వెంట సాగిందా చూడాలి. బొచ్చు ముక్కు మీది నుంచి నుదుటికి, మెడ నుంచి తోకకు వాలి ఉంటుంది. గుడ్డ మసక కూడా అదే దారిలో పడేలా ముక్క తిప్పి కత్తిరించాలి. అడ్డంగా పెడితే పిల్లి కాస్తా చారల దిండవుతుంది. పడుగు, పేక రెండూ అద్దిన డబుల్ ఇక్కత్ ముక్క దొరికితే ఛాతీకి దాచండి. అక్కడ బొచ్చు అన్ని వైపులా విచ్చుకుంటుంది కదా.

కిలో లెక్కన అమ్మే కట్టలు చౌకే, కానీ విప్పి చూడకుండా తీసుకోవద్దు. ఒక దుకాణం కట్టలో పది ముక్కలకు రెండు ప్రింటువే తేలాయి. తిప్పి చూస్తే తెలిసిపోతుంది: ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, ప్రింటుకు వెనక వెలిసినట్టుంటుంది.

ఇక రంగు. మెరూన్, ముదురు ఎరుపు, నలుపు ముక్కలను తడిపి, రెండు తెల్లగుడ్డల మధ్య పెట్టి ఇస్త్రీ చేయండి. తెల్లగుడ్డకు మరక పడితే ఆ ముక్కలను విడిగా, వేడినీళ్లలో సర్ఫు వేసి నీళ్లు తేటపడేదాకా ఉతకాలి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇంటింటా అంటారు. అద్దకం అయిపోయిన బట్టకు ఉప్పు చేసేదేమీ లేదు. మూడు ఉతుకుల తర్వాతా నీళ్లు ఎర్రగానే ఉంటే ఆ ముక్క తెల్లపిల్లి దరిదాపుల్లోకి రాకూడదు. కుట్టాక, గుర్తుకు గీసుకున్న గీతలు చెరపడానికి తడిగుడ్డతో తుడిచినా చాలు, పిల్లి మీసాలు గులాబీ రంగు తిరుగుతాయి. ఉతికితే గంజి పోయి గుడ్డ జారిపోతుంది, కొంచెం కుదించుకుపోతుంది కూడా. మళ్లీ పలుచగా గంజి పెట్టి ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి.

పువ్వులకు ఇక్కత్ వద్దు. తంగేడు రేకలు ఐదే, చిన్నవి. డిజైను వాటిని ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. నారాయణపేట కాటన్‌లో సాదా పసుపు ముక్క దానికి నప్పుతుంది, ఆ చీర అంచు బొంత చుట్టూ పట్టీగా కూడా పనికొస్తుంది. గద్వాల చీర తెస్తే ఒడలు నూలు, అంచు పట్టు. రెండూ ఒకేలా కుదించుకోవు, కాబట్టి అతుకు దగ్గర విడదీసి వాడాలి. జరీ మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు.

ఇక్కత్ ముక్కల అంచుల నుంచి పోగులు ఊడుతుంటాయని చాలామంది విసుక్కుంటారు. గునుగు పువ్వు మాత్రం అలా ఊడబట్టే వస్తుంది. తెలుపు, గులాబీ కలిసిన ముక్కను ముప్పావు ఇంచు వెడల్పున నిలువుగా కత్తిరించి, సగం వెడల్పు దాకా పొడవు పోగులు లాగేసి, మిగిలినదాన్ని బిగించి చుట్టి అడుగున రెండు కుట్లు వేస్తే అచ్చం గునుగే. పిల్లి తోక చివర ఒకటి పెట్టి చూడండి, గమ్మత్తుగా ఉంటుంది.

మిగతా ముక్కలకు ఊడే అంచు ఇబ్బందే. ఒకవైపు కాగితం, ఒకవైపు జిగురు ఉన్న ఇస్త్రీ షీటుతో అతకాలి. కాగితం మీద బొమ్మ తిరగేసి గీయాలి, లేకపోతే పిల్లి అటు తిరిగి కూర్చుంటుంది. ఇస్త్రీ ఎక్కువసేపు ఆనిస్తే జిగురు గుడ్డ పైకి తేలుతుంది. జిగ్‌జాగ్ లేని పాత తొక్కుడు మిషనైతే చుట్టూ చేత్తో కాజా కుట్టు వేయడమే మేలు. పీకో దుకాణానికి ఇస్తే రేకల మలుపుల దగ్గర కుట్టు గతుకులు పడుతుంది. బొమ్మలు అతికిన గుడ్డ, దూది, వెనక గుడ్డ మూడు పొరలూ కలిపి మిషన్ మీద కుట్టేటప్పుడు 14 నంబరు సూది వేసి, ముందు నాలుగు వేళ్ల ఎడంతో కచ్చా కుట్టు వేసుకుని, మధ్య నుంచి అంచులకు కుట్టుకుంటూ రావాలి. అంచు నుంచి మొదలుపెడితే వెనక గుడ్డ మడతలన్నీ నడిమిట్లో చేరతాయి.

36 ఇంచుల చదరపు బొంతకు బొమ్మలు అతికే అడుగు గుడ్డ, వెనక గుడ్డ మీటరుంబావు చొప్పున, పిల్లికి అరమీటరు ఇక్కత్, పువ్వులకు ఆరేడు రంగుల్లో జానెడేసి ముక్కలు, మధ్యలో పెట్టే పలుచని దూది పొర 40 ఇంచులు తెచ్చుకోండి. ఇక్కత్ మాత్రం పొద్దుటి వెలుతురులో, దుకాణం బయటికొచ్చి చూసి ఎంచుకోండి. ట్యూబులైటు కింద నలుపుకు, ముదురు మెరూన్‌కు తేడా దొరకదు.