7,200 కట్టి ఇటుకలు మోసొచ్చాం

ముందే చెప్తున్నా, ఇది కోపం చల్లారకముందే రాస్తున్నది. డెబ్బై రెండు రోజులు దేశం తిరిగొచ్చాం. చుట్టాలందరూ సిక్కిం ఎట్లా ఉంది, కొండలు ఎట్లా ఉన్నాయి అని అడుగుతున్నారు. నేను నోరు తెరిస్తే మాత్రం చిత్తూరు పక్కన గడిపిన రెండు రోజులే బయటికొస్తున్నాయి.

ఎనిమిదేళ్ళు తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, 2025 ఆగస్టులో మానేశాను. సేంద్రియ పొలాల్లో పని చేసుకుంటూ ఊళ్ళు తిరగాలని ఎప్పటినుంచో కోరిక. ఒక్కదాన్నే పోతానంటే అమ్మ ఒప్పుకోలేదు. చివరికి బాబాయి తోడొస్తానన్నాడు. కొర్లగుంటలో ముప్పై ఏళ్ళు బోరు మోటార్లకు వైండింగ్ చేసిన మనిషి. పిన్ని పోయాక షాపు మూసేసి టీవీ ముందు కూర్చుండిపోయాడు. "ఎవురి చేన్లోనైనా మోటారు కాలిపోతే నేను పనికొస్తా గదా పాపా" అన్నాడు. అమ్మకి ఆ మాట నచ్చింది.

ఇలా తిరగడానికి వూఫ్ అని ఒక పద్ధతి ఉంది. 1971లో ఇంగ్లండులో మొదలైంది. లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కాపర్డ్ అనే ఆవిడ, శని ఆదివారాల్లో పల్లెకి పోయి పొలం పని చేయొచ్చు కదా అనుకుని మొదలుపెట్టింది. ఇప్పుడు మన దేశంలోనూ ఉంది. సభ్యత్వం కట్టి చేరితే పొలాల జాబితా ఇస్తారు. రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల పని, దానికి బదులు తిండీ పడకా. రైతుకూ మనకూ మధ్య డబ్బు ప్రసక్తి లేదు. ఈ ఆఖరి ముక్క గట్టిగా గుర్తుపెట్టుకుని ఉంటే నాకు ఆ గతి పట్టేది కాదు. ఎందుకంటే మొదటి మజిలీ నేను ఆ జాబితాలోంచి కాదు, ఇన్‌స్టాగ్రామ్‌లోంచి తీశాను. ఇంటికి దగ్గర కదా, బాబాయికి అలవాటవుతుంది అనుకున్నాను.

రీల్‌లో మట్టిగోడల ఇల్లు, అరుగు మీద రాగి చెంబు, పక్కన పుంగనూరు దూడ. "వచ్చి నేలతల్లికి సేవ చేయండి" అని రాసుంది. మనిషికి రోజుకు 1,200, దానికి 'భోజన విరాళం' అని పేరు. మూడు రోజులకు ఇద్దరికీ 7,200 ముందే ఫోన్‌పే చేశాను. చేసిన సంగతి బాబాయికి చెప్పలేదు, చెప్పుంటే అక్కడే ఆపేవాడు.

సెప్టెంబరు ఆఖరి వారంలో తిరుపతి నుంచి చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నాకు స్త్రీ శక్తి కింద జీరో టికెట్, బాబాయికి 110. (ఆడవాళ్ళు చూసి ఎక్కండి. వేలూరు పోయే బస్సు కూడా చిత్తూరు మీదుగానే పోతుంది గానీ వేరే రాష్ట్రానికి పోయే బస్సుల్లో ఉచితం లేదు.) చిత్తూరు నుంచి తొమ్మిది కిలోమీటర్లకు ఆటో 300.

మట్టి ఇంటికి తాళం వేసుంది. కోఆర్డినేటర్ అట, పాతికేళ్ళు కూడా ఉండవు, "అది గెస్టులకు మేడమ్, నైట్‌కి 4,500. వాలంటీర్లకు షెడ్డు" అన్నాడు. ఆ షెడ్డు ఒకప్పుడు కోళ్ళ షెడ్డు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ వాసన పోదని మా జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. రేకుల కప్పు, కింద వరసగా పరుపులు, వాటిలో నాకిచ్చినది తడిగా ఉంది. ఆడా మగా కలిపి పదకొండు మందిమి, మధ్యలో ఒక గుడ్డ తెర. బాత్రూమ్ ఒక్కటే. పొద్దున్నే అయిదింటికి లేచి లైన్లో నిలబడితే నా వంతు ఆరుంబావుకి వచ్చింది.

బాబాయి మొదటిరోజు రాత్రి ఏమీ అనలేదు. మధ్యాహ్నం బకెట్లో తెచ్చిన సాంబారన్నమే రాత్రికీ పెట్టారు, దానికీ ఏమీ అనలేదు. సాయంత్రం కాఫీ లేదన్నప్పుడు మాత్రం నావైపు ఒక చూపు చూశాడు.

రెండో రోజు ఆరున్నరకు పని. విత్తనాలు నాటిస్తారేమో, కలుపు తీయిస్తారేమో అనుకుని పాత చీర చుట్టుకుని పోయాను. మాతో ఇటుకలు మోయించారు. 'నేచురల్ పాండ్' కడుతున్నారట, వాన నీళ్ళు నిలవడానికి. పక్కనే అట్టపెట్టెల్లో నీలం రంగు టైల్స్ ఉన్నాయి. బాబాయి ఒక పెట్టె విప్పి చూసి, "వాన నీళ్ళకి టైల్స్ ఎందుకురా నాయనా" అని కోఆర్డినేటర్‌ని అడిగాడు. ఆ పిల్లాడు ఫోను చూసుకుంటూ పోయాడు. ఒంటిగంట దాకా మోశాం. మళ్ళీ మూడింటికి రమ్మన్నారు. డబ్బు తీసుకుని గది ఇస్తే హోమ్‌స్టే అనుకుంటాం. పని చేయించుకుని పూటకింత పెడితే కూలి అనుకుంటాం. వీళ్ళు మా దగ్గర డబ్బు తీసుకుని మాతోనే ఈతకొలను కట్టించుకుంటున్నారు.

పదకొండింటికి మధ్యలో జీవామృతం (పేడ, బెల్లం లాంటివి పులియబెట్టి చేసే ఎరువు) తయారీ అని పిలిచారు. బెంగళూరు నుంచి కార్లలో వచ్చిన గెస్టుల కోసం. డ్రమ్ములో పేడ, బెల్లం వేసి కర్రతో తిప్పి, అందరితో ఫొటోలు దిగి, అరగంటలో దాన్ని చెట్ల మొదట్లో పోయించేశారు. జీవామృతం నీడలో రెండు రోజులు పులియాలి. ప్రకృతి వ్యవసాయం నేర్పే పాలేకర్ గారి పద్ధతి గురించి రెండు వీడియోలు చూసినవాళ్ళకి కూడా తెలిసే సంగతి. దూడతో ఫొటోకి మనిషికి 100, గెస్టులయినా సరే.

అసలు దొంగతనం పట్టుకున్నది మాత్రం బాబాయి. బయటికి పోయే చోట చిన్న కొట్టు పెట్టారు. 'ఆర్గానిక్ బెల్లం' కిలో 220. బాబాయి ఒక ముక్క చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. నిమ్మపండు రంగులో మెరుస్తోంది. వాళ్ళ నాయన చెరుకు పండించి సొంత గానుగ ఆడినవాడు. బాబాయి పన్నెండేళ్ళ వయసు నుంచి పెనం కింద చెరుకు పిప్పి ఎగదోసినవాడు. "బెండ చెట్టు జిగురేసి మడ్డి తీస్తే బెల్లం గోధుమ రంగులోనో నల్లగానో ఉంటాది. ఇంత తెల్లగా రావాలంటే హైడ్రోస్ పడాల్సిందే" అన్నాడు. బెల్లం రంగు తేల్చడానికి వేసే రసాయనం అది. కొట్టులో ఉన్న అమ్మాయికి హైడ్రోస్ అంటే ఏమిటో తెలియదు పాపం, "అన్నీ నేచురలే అంకుల్" అంది.

సాయంత్రం కాళ్ళు కడుక్కుని షెడ్డులోకి వస్తూ బాబాయి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అందరం రెండు రోజులుగా కాళ్ళు తుడుచుకుంటున్న పట్టా భారత్ యూరియా సంచి. 45 కిలోలు, 266 రూపాయల 50 పైసలు అని అచ్చు కూడా పోలేదు. షెడ్డు వెనక చూస్తే అట్లాంటివి ఇంకో పది పన్నెండు, మడిచి పెట్టున్నాయి. అప్పటికి కొన్ని వారాలుగా పల్లెల్లో రైతులు యూరియా కోసం చెప్పులు వరస పెట్టి లైన్లలో నిలబడుతున్నారు. వీళ్ళకి మాత్రం దొరికింది చూడండి. రైతు యూరియా వేస్తే నేను తప్పనను, వేసి బోర్డు మీద సేంద్రియం అని రాస్తేనే మండుతుంది.

కోఆర్డినేటర్‌ని అడిగితే "ఇది ట్రాన్సిషన్ ఫేజ్ సర్" అన్నాడు. ఏ సర్టిఫికెట్ ఉంది, పీజీఎస్‌లో (రైతులే గ్రూపులుగా చేరి సేంద్రియమని ధ్రువీకరించుకునే పద్ధతి) గ్రూపు ఏదన్నా ఉందా అన్నాను. "ఓనర్ గారు బెంగళూరులో ఉన్నారు" అన్నాడు. డబ్బు వెనక్కి ఇమ్మంటే విరాళానికి వాపసు లేదన్నాడు. నాకు గొంతు పెగల్లేదు, కోపమొస్తే నాకు ఏడుపొస్తుంది. బాబాయి కుర్చీ లాక్కుని గెస్టుల భోజనాల బల్ల పక్కనే కూర్చుని, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా మడతలు సరిచేయడం మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో 1,500 వచ్చాయి. మిగతావి ఈ రోజుకీ రాలేదు. చీకట్లో రెండు కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కాం. "ఏడువేలు కట్టినావా పాపా" అని దారంతా అదే మాట.

తర్వాత పుదుచ్చేరి. ఆరోవిల్ పక్కన సాధనా ఫారెస్ట్‌లో పన్నెండు రోజులు. 2003 నుంచి బీడు నేలలో అడవి పెంచుతున్న చోటు. చెట్లు నాటాం, హాయిగా గడిచింది. కాకపోతే అక్కడ పాలూ పెరుగూ కూడా ముట్టరు, అది బాబాయికి ముందు చెప్పకపోవడం నా తప్పు. మూడో రోజు నుంచి సైకిల్ అద్దెకి తీసుకుని ఊళ్ళోకి పోయి ఫిల్టర్ కాఫీ తాగొచ్చేవాడు.

సిక్కింలో పదిహేను రోజులు. 2016లో రాష్ట్రం మొత్తాన్ని సేంద్రియమని ప్రకటించారు కదా, పోయి చూడాలనుకున్నాం. పెద్ద యాలకుల కోత కాలం, మొక్క మొదట్లో కత్తితో కోసి, పొగ భట్టీలో ఆరబెట్టడం. ఆ ఇంటివాళ్ళు మాతో సమానంగా వంగి పని చేశారు, మాతో కూర్చుని తిన్నారు. చలికి బాబాయి రెండు స్వెట్టర్లు వేసుకుని "నాకు తెలుగు వినపడాల" అని రాత్రిళ్ళు ఫోన్లో అన్నమయ్య కీర్తనలు పెట్టుకునేవాడు. కొడగులో పది రోజులు కాఫీ పండ్లు కోశాం, జలగలు లేవు, అన్నం బాగుంది.

డిసెంబరు మొదట్లో బెంగళూరు మీదుగా తిరుగుముఖం. ముళబాగిలులో దిగి దోసె తిన్నాం, ఒకటి 70, నెయ్యి కారుతూ. తర్వాత పలమనేరు.

ఈ పొలం ఏ జాబితాలోనూ లేదు. బాబాయి పాత కస్టమర్ ఒకాయన వియ్యంకుడిది. మూడున్నర ఎకరాలు, కౌండిన్య అడవికి దగ్గర. రాగి, మధ్యమధ్యలో అనప (చిక్కుడు జాతి), కంది సాళ్ళు, ఒక అరెకరం టమోటా. రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం గ్రూపులో ఆ ఇంటి అక్క ఉంది. పోగానే "ఏం పని చేయమంటారక్కా" అంటే నన్ను పైనుంచి కిందికి చూసి, "ముందు తినండి" అంది.

జీవామృతం అక్కడ నా చేత్తో కలిపాను. రెండొందల లీటర్ల డ్రమ్ము, పది కిలోల పేడ, పది లీటర్ల గోమూత్రం, నల్లబెల్లం రెండు కిలోలు, ఉలవపిండి రెండు కిలోలు, గట్టు మీది మట్టి గుప్పెడు. పొద్దునా సాయంత్రం కర్రతో ఒకే వైపు తిప్పాలి. మూడో రోజుకి నురగ కట్టి పులిసిన వాసన వచ్చింది. చేతులకి ఆ వాసన పోలేదు, నాకు బాధ కూడా అనిపించలేదు. పడక వసారాలో నులకమంచం, దోమలు బాగానే ఉన్నాయి, స్నానానికి బోరు దగ్గర తడకలు. రెండోరోజే బాబాయి వాళ్ళ మోటారు స్టార్టర్ విప్పి పరిచేశాడు. రెండు నెలల్లో ఆయన అంత ఉత్సాహంగా ఉండటం నేను చూడలేదు.

నాలుగో రాత్రి ఏనుగులొచ్చాయి. ఏనుగుల జాడ చూసే ట్రాకర్ల నుంచి ఫోనొచ్చింది, ఊరంతా టార్చిలు, డబ్బాలు, టపాకాయలు. కర్ణాటక నుంచి కుంకీలని (అడవి ఏనుగుల్ని తరిమే శిక్షణ పొందిన ఏనుగులు) తెచ్చి ముసలిమడుగు దగ్గర పెట్టింది ఇందుకే. అయినా ప్రతి చేనుకీ అవి కాపలా ఉండలేవు కదా. నన్ను మిద్దె ఎక్కించేశారు. చీకట్లో ఏమీ కనపడలేదు, రాగి కంకులు విరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది. తెల్లారి చూస్తే ముప్పావు ఎకరం చదును. ఆ ఇంటి అన్న, అక్క భర్త, గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. అక్క పడిపోయిన సాళ్ళలో తిరిగి పనికొచ్చే అనపకాయలు ఏరడం మొదలుపెట్టింది. మేమూ ఏరాం. ఆ రోజు ఆరు గంటలు దాటి పనిచేశాం, ఎవరూ చేయమనలేదు.

ఆ మధ్యాహ్నం రాగి సంగటి, పితికిపప్పు కూర. అనపగింజలు రాత్రంతా నానబెడతారు గానీ ఏనుగుల గోలలో కుదరలేదట, వేడినీళ్ళలో వేసి అప్పటికప్పుడు నలుగురం కూర్చుని పొట్టు పితికాం. నా గోళ్ళు రెండు రోజులు నొప్పి. పచ్చికొబ్బరి, ధనియాలు నూరి వేసిన కూర అది. సిక్కిం వరకు పోయొచ్చిన ఖర్చు ఇద్దరికీ 64,300 అయింది, అంత ఖర్చులోనూ ఇంత మంచి భోజనం ఇంకోటి లేదు. బాబాయి మూడో ముద్ద అడిగాడు.

తొమ్మిది రోజులయ్యాక 2,000 ఇవ్వబోతే అక్కకి కోపమొచ్చింది. "స్టార్టర్ బాగు చేసినందుకు నేనెంత ఇయ్యాలో అన్నని చెప్పమను ముందు" అంది. బాబాయి జనవరిలో గానుగ పెట్టినప్పుడు వస్తానని మాటిచ్చాడు. నన్ను అడగలేదు.

మీరెవరైనా పోదలిస్తే: ముందు డబ్బు అడిగిన చోటికి పోవద్దు. ఫోన్లో ఇంటివాళ్ళతోనే మాట్లాడండి, కోఆర్డినేటర్‌తో కాదు. పడక ఫొటో అడగండి, పొలం ఫొటో ఎవరైనా పంపుతారు. వీలుంటే బెల్లం గానుగ తెలిసిన బాబాయిని తోడు తీసుకెళ్ళండి.

పలమనేరు బస్టాండులో తిరుపతి బస్సెక్కాం. నాది జీరో టికెట్, బాబాయిది 170. పైన పెట్టిన అనపకాయల మూట చూసి కండక్టర్ "అదెవురిది, లగేజీ కొట్టాల" అన్నాడు. బాబాయి మూట విప్పి రెండు దోసిళ్ళు ఆయన సంచిలో పోశాడు.