పెద్దవారితో బాతుల చిత్తడికి: అటపాక, తేలినీలాపురం, మంగళజోడి

వయసు మళ్లిన పక్షిప్రియులను చిత్తడి నేలలకు తీసుకువెళ్లేవారు పక్షుల సంఖ్య కంటే ముందు రేవు, పడవ, మరుగుదొడ్డి ఎలా ఉన్నాయో విచారించుకోవాలి. ఏటా శీతాకాలంలో నా వెంట వచ్చే పాత బృందంలో చాలామంది డెబ్బై దాటినవారు. కుర్రతనంలో తుపాకితో బాతులను కొట్టి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ తుపాకిని మూలన పడేసిన ఒక పెద్దాయన కూడా వారిలో ఉన్నారు. వీరందరికీ కావలసినవి ఉత్తరాది దేశాల నుంచి వలస వచ్చే బాతులే.

కొల్లేటి అంచున, కైకలూరు దగ్గరి అటపాక ఎక్కువ నడవలేనివారికి అనువైన చోటు. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు చాలా దగ్గరగా కనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అవే పక్షులు ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు ఏటా రాస్తూనే ఉంటాయి గాని, రెండూ మన దేశంలోనే పుట్టి పెరిగేవి. తొలిసారి చూసేవారికి ఈ రెండు చోట్లూ బాగుంటాయి, మా బృందానికి మాత్రం ఆకలి తీరదు.

ఒడిశాలో, చిలికా సరస్సు ఉత్తరపు అంచున ఉన్న మంగళజోడి ఆ ఆకలి తీరుస్తుంది. టంగి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి దిగి ఊరు దాటాక మట్టికట్ట మొదలవుతుంది, కట్ట చివర రేవు ఉంటుంది. ఇక్కడి పడవలకు ఇంజిను ఉండదు, గెడతోనే తోస్తారు. పడవవాళ్లలో పలువురు ఒకప్పుడు ఇదే నీటిలో పక్షులను పట్టి అమ్మినవారే. 2000 ప్రాంతంలో వేట మాని కాపలాకు, ఆ తరువాత పర్యాటకానికి మళ్లారు. ఏ గడ్డి వెనుక ఏ పక్షి దాగుతుందో, ఎంత దూరంలో ఆగితే లేచిపోదో వేటలో నేర్చిన ఆ విద్యే ఇప్పుడు చూపించడానికి పనికివస్తోంది.

మా పడవవాడు బాతుల గుంపు వైపు ఎన్నడూ నేరుగా వెళ్లలేదు. పక్కగా, వాటిని పట్టించుకోనట్లు జరుగుతూ, ఒక బాతు మెడ నిలబెట్టిందో లేదో గెడను బురదలో గుచ్చి ఆగిపోయాడు. ఆ మెడ మళ్లీ దిగేదాకా కదలలేదు. సూదితోక బాతులు తల నీటిలో ముంచి, తోక నిక్కబొడిచి మేస్తుండగా మావాళ్లు తనివితీరా చూశారు. మా పూర్వపు వేటగాడు ఆ నేర్పును చూసి, “వీడికి తుపాకి అక్కరలేదయ్యా” అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

ఇబ్బందులూ లేకపోలేదు. పడవ అంచు తక్కువ ఎత్తులో ఉండి, కాలు పెట్టగానే ఊగుతుంది. ఒకరు నీటిలో దిగి పడవను పట్టుకుంటేనే పెద్దవారిని ఎక్కించాలి. పలక మీద ఎక్కువసేపు కూర్చోలేరు కనుక మెత్తలు మనమే తీసుకువెళ్లాలి. పడవలో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి తెల్లవారుజామున కాఫీ తగ్గించమని ముందే చెప్పుకోవాలి, ఈ మాట చెప్పడానికి మొహమాటపడితే మధ్యలో తిరిగి రావలసి వస్తుంది. బైనాక్యులర్ల విషయంలోనూ పదింతలు పెద్దవి చేసేవాటి కంటే ఎనిమిదింతలవే మేలు, చేతి వణుకును కూడా అవి అంత పెద్దది చేయవు.

బస విషయంలో మా బృందం రెండుగా చీలింది. బర్కూల్‌లో ఒడిశా పర్యాటక శాఖ వసతి సరస్సు ఒడ్డునే ఉంటుంది, కానీ అక్కడ దిగితే చీకటితోనే కారెక్కాలి. దారిలో ఒక లాడ్జివారు వేడినీళ్లు ఇస్తామని చెప్పి తెల్లవారాక కూడా ఇవ్వలేదు. మంగళజోడి ఊళ్లోని సాదా గదులలో సౌకర్యాలు తక్కువైనా, రేవు దగ్గర కావడం వల్ల నేను వాటివైపే మొగ్గుతాను. మోకాళ్ల నొప్పులున్నవారికి మాత్రం మంచం ఎత్తు, మెట్లు ఫోన్‌లోనే అడిగి తెలుసుకోవాలి.

బర్కూల్ నుంచి మరపడవలో, చిలికాలోని పక్షుల దీవి నలబణ వైపు వెళ్లడం మాకు అంతగా నచ్చలేదు. ఇంజిను శబ్దానికి బాతులు దూరంలోనే లేచిపోయాయి, ఎండలో కూర్చోవలసిన సమయమూ ఎక్కువే. రానున్న శీతాకాలంలో ఆ ప్రయాణం మానుకుని, ఆ పూట కూడా మంగళజోడిలోనే, వీలైతే అదే పడవవాడితో గడపాలని బృందం నిశ్చయించింది.