స్టీలు గ్లాసుల్లో మోహన: మేకీ మేకీతో మా రెండు వారాలు

పాపకి సెలవులు కదా అని మేకీ మేకీ కిట్ తెప్పించాను. అప్పట్నుంచి మా వంటింట్లో మంచినీళ్లు తాగడానికి గ్లాసు దొరకట్లేదు, అన్నీ హాల్లోనే ఉన్నాయి.

తెలియనివాళ్లకి చెప్పాలంటే, ఇది అరచేతిలో పట్టే చిన్న బోర్డు. జే సిల్వర్, ఎరిక్ రోజెన్‌బామ్ అనే ఇద్దరు అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు తయారుచేసి, 2012లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో పెట్టి జనం డబ్బుతో బయటికి తెచ్చారు. యూఎస్‌బీకి తగిలిస్తే కంప్యూటర్ దీన్ని మామూలు కీబోర్డే అనుకుంటుంది. బోర్డు నుంచి వచ్చే ఒక క్లిప్పు వైరుని ఏదైనా వస్తువుకి పెట్టి, బోర్డు మీద "ఎర్త్" అని రాసున్న చోటు నుంచి వచ్చే వైరు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ వస్తువుని ముట్టుకుంటే కీ నొక్కినట్టే. లోపల 22 మెగాఓమ్‌ల రెసిస్టర్లు, అంటే చాలా ఎక్కువ నిరోధం ఉన్నవి, ఉండటం వల్ల అరటిపండులోంచి, మన ఒంట్లోంచి పారే అతి కొద్ది కరెంటుని కూడా పసిగడుతుంది. ఉన్నది 5 వోల్టులే, షాక్ కొట్టదు. అయినా మా అమ్మ మొదటిరోజు "చెప్పులేసుకుని ముట్టుకోవే" అని ఒకటే గోల.

ముందువైపు నాలుగు బాణాలు, స్పేస్, క్లిక్ ఉంటాయి. క్లిక్ వదిలేస్తే మిగిలేది ఐదు. ఐదు స్వరాలంటే మోహన రాగం! స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో కీకి ఒక్కో స్వరం నంబరు, 60, 62, 64, 67, 69, పెట్టి, ఐదు స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి వేలు ముంచితే స రి గ ప ద. పై షడ్జమం కావాలంటే బోర్డు వెనకున్న అక్షరాల్లో ఒకదానికి సన్నవైరు గుచ్చుకోవాలి. అన్నిటికంటే మజా ఎక్కడొచ్చిందంటే, అమ్మ చేతికి ఎర్త్ ఇచ్చి, పాప చేతికి స్పేస్ వైరు ఇస్తే, అమ్మ బుగ్గ గిల్లిన ప్రతిసారీ "స" మోగింది. చెప్పుల గొడవ అక్కడితో సరి.

పెయింటున్న ఫ్రిజ్ తలుపు, ప్లాస్టిక్ డబ్బాలు పలకవు. చపాతీ పిండి బ్రహ్మాండంగా పలుకుతుంది, పెన్సిల్‌తో ఒత్తి గీసిన గీత కూడా. చాలక బయట కొట్లో కొన్న క్లిప్పుల్లో ఒకటి లోపలే తెగి ఉంది, అది కనిపెట్టేసరికి గంట పట్టింది, తప్పు నా ప్రోగ్రాంలోనే ఉందని టెన్షన్ పడ్డాను.

నాకు వెలితిగా అనిపించిందొక్కటే. మోగేది గ్లాసు కాదు, లాప్‌టాప్. జలతరంగంలో కప్పుని మెల్లగా తడితే ఒకలా, గట్టిగా కొడితే ఒకలా పలుకుతుంది. దీనికి ముట్టుకున్నారా లేదా అన్నదే తెలుసు. డేవిడ్ బైర్న్ అనే సంగీతకారుడు 2005లో స్టాక్‌హోమ్‌లో పాత ఆర్గన్‌కి ఒక భవనం దూలాలు, గొట్టాలు కలిపి వాటినే మోగించాడట, అలాంటిది ఆశించి కొంటే నిరాశే. సంగీతం నేర్పడానికి వద్దు, ఇంట్లో ఏది పలుకుతుందో వెతుక్కునే పిల్లలుంటే కొనండి. అరటిపళ్లు మర్నాటికే నల్లబడుతున్నాయి, మేం బంగాళాదుంపలకి మారిపోయాం.