నర్సరీ ముద్ద గన్నేరు: పూతకు ఢోకా లేదు, జాగ్రత్తంతా విషంతోనే

నర్సరీల్లో నల్ల కవర్లో అమ్మే గులాబీ ముద్ద గన్నేరు, ఎండ బాగా పడే మేడకి మంచి బేరం. కొనేముందు లేత చిగుళ్లు తిప్పి చూడండి. నల్ల కాళ్లున్న పసుపు పేనుబంక అక్కడే గుంపులుగా అతుక్కుని ఉంటుంది. కనిపిస్తే ఆ మొక్క వద్దు. ఇంటికొచ్చాక పడితే నీటిధారతో కడిగేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టాలి.

12 అంగుళాల కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు చాలు. ఆరు గంటల ఎండ లేకపోతే ఆకే తప్ప మొగ్గ రాదు. పూత కొత్త కొమ్మల చివరే వస్తుంది కాబట్టి, పూత అయ్యాక మూడో వంతు కత్తిరించాలి. చేతికి తొడుగులు తప్పనిసరి. ఆ పుల్లలు పొయ్యిలో పెట్టకూడదు, పొగా విషమే.

కవరు మీద రాయాల్సిన మాట ఒకటుంది: ఆకు, పువ్వు, వేరు అన్నింట్లోనూ గుండె లయను దెబ్బతీసే ఒలియాండ్రిన్ ఉంటుంది, ఎండినా పోదు. సంస్కృతంలో దీన్ని అశ్వమారకం, అంటే గుర్రాన్ని చంపేది, అన్నది ఊరికే కాదు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి వాడిన నీరియం అనే శాస్త్రీయ నామం మాత్రం తడి అనే అర్థమున్న గ్రీకు మాటతో ముడిపడింది. సహజంగా ఇది వాగుల ఒడ్డున పెరిగే మొక్క మరి. అలాగని కుండీలో నీళ్లు నిలవనిస్తే వేరు కుళ్లుతుంది.

పసిపిల్లలు, మేకలు తిరిగే ఇంటికి మేం సిఫార్సు చేయం. ఎవరైనా నమిలితే నాటు వైద్యాలు మాని, రెమ్మతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పచ్చ గన్నేరు వేరే మొక్క, విషం మాత్రం అదే తీరు.