ఫోన్ జేబులో పెట్టుకుని వంతెన పోగొట్టుకున్నాం

చాలా ఏళ్లుగా కొండలెక్కుతున్నా, నాకు దారి తెలిసేది ముందు నడిచేవాళ్ల వీపు చూసే. వాళ్లు ఆగితే ఆగడం, తిరిగితే తిరగడం. అందుకే మ్యాప్, కంపాస్‌తో సొంతంగా దారి పట్టడం నేర్పే మూడు రోజుల శిక్షణలో చేరాను.

మొదటి రాత్రి బస కొండ కింద వసతి గృహంలో. మెత్తటి పరుపులు, వేడినీళ్లు, మంచం పక్కనే ఛార్జింగ్. వసతికి వంక పెట్టలేను కానీ క్లాసు మాత్రం నిద్రపుచ్చింది. తెర మీద కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు, చూపిస్తే ఎవరికి ఎక్కుతాయి? 1:50,000 మ్యాప్‌లో 2 సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు అన్న ఒక్క ముక్కే గుర్తుంది.

రెండో రోజు పైన గుడారాలు. ఎగుడుదిగుడు నేల, రాత్రంతా నడుము కింద ఏదో రాయి, నీళ్లు వాగు నుంచి తెచ్చి మరిగించుకోవాలి. అయితేనేం, గుడారం తెర తీస్తే మ్యాప్‌లోని కొండ ఎదురుగా నిలబడి ఉంది. గీతలు బాణం మొనలా ఎత్తు వైపు వంగితే అక్కడ లోయ, పల్లం వైపు వంగితే కొండ కొమ్ము. ముందురోజు రెండు గంటల్లో ఎక్కనిది పది నిమిషాల్లో ఎక్కింది.

మా శిక్షకురాలు ముందు నడవదు. వెనకాలే వస్తుంది, తప్పు దారి పట్టినా నోరు విప్పదు. ముగ్గురం కలిసి కిలోమీటరున్నర అవతలున్న కాలివంతెనకి బేరింగ్ (ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల దిశలో ఉందో) తీసుకుని బయల్దేరాం. వాగైతే వచ్చింది, వంతెన లేదు. ఎగువకా, దిగువకా అని కాసేపు వాదించుకున్నాక ఆవిడ నెమ్మదిగా అడిగింది: "మీ ఫోన్ ఎక్కడుందండీ?"

చొక్కా జేబులో ఉంది. కంపాస్ సరిగ్గా దాని ముందే పట్టుకుని నడిచాను. ఫోన్ తీసి దూరంగా పెట్టగానే సూది మెల్లగా పక్కకి జరిగి ఆగింది. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుందని ఎప్పుడో చదివిందే! 5 డిగ్రీలు తప్పినా కిలోమీటరుకి 87 మీటర్లు పక్కకి పోతామట. అసలు సూది సరిగ్గా ఉన్నా నేరుగా వంతెనకే గురిపెట్టకూడదంది. కావాలనే కాస్త ఎగువకి గురిపెడితే, వాగు తగలగానే దిగువకి తిరగడమే, వాదన ఉండదు. మ్యాప్ ఉత్తరం, సూది చూపే ఉత్తరం ఒకటి కావని, ఆ తేడా చోటును బట్టీ ఏళ్లను బట్టీ మారుతుందని కూడా ఆ వాగు ఒడ్డునే చెప్పింది.

సామాను సంగతికొస్తే, అద్దెకిచ్చిన జీపీఎస్ సగం ఛార్జింగ్‌తో చేతికొచ్చింది, విడి బ్యాటరీలు లేవు. మధ్యాహ్నానికే ఆరిపోయింది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టిన నా ఫోనే నయం. ముందే దించుకున్న మ్యాప్ మీద సిగ్నల్ లేకపోయినా చుక్క కదిలింది. ఇరుకు లోయలో, చెట్ల కింద మాత్రం మమ్మల్ని అవతలి వాలు మీద చూపించింది.

మూడో రోజు నడకకి స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క వాడాం: గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. 6 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు. లెక్క ప్రకారం రెండుంపావు గంటల లోపే. మాకు మూడున్నర పట్టింది. బరువు, ఆగడాలు అందులో లేవు మరి.

మొదటి రాత్రి మానేసి నేరుగా గుడారాలకి రావచ్చా అని నిర్వాహకులని అడిగాను. కుదరదట, మూడు రోజులూ ఒకే ప్యాకేజీ.