కణితి తీసిన చోట దాత ఎముక: ఎవరికి మేలు, ఎక్కడ చిక్కు

తొడ ఎముక నడిమి భాగంలో కణితి ఉండి, తుంటి కీలూ మోకాలూ దక్కుతుంటే దాత ఎముకే (చనిపోయిన దాత నుంచి తీసి నిల్వ చేసిన ఎముక) సర్జన్లుగా మా మొదటి ఎంపిక. కీలుతో సహా తీసేయాల్సి వస్తే మాత్రం లోహపు కీలు మేలు, త్వరగా నడిపిస్తుంది.

విశాఖలో ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకముందే ఎముక ఏ టిష్యూ బ్యాంకు (దాతల కణజాలం నిల్వ చేసే చోటు) నుంచి, ఏ రూపంలో వస్తుందో అడగండి. ముంబై టాటా మెమోరియల్ టిష్యూ బ్యాంకు 1988 నుంచి ఉంది. అక్కడ తేమ తీసి, గామా కిరణాలతో శుద్ధి చేసిన ఎముక ఇస్తారు. ఫ్రీజర్ అక్కర్లేదు, కణితి గీకేసిన గుంత నింపడానికి బాగుంటుంది. కానీ తేమ తీసిన ఎముక వంపుకీ మెలికకీ తట్టుకోదు. బరువు మోసే పొడవాటి ముక్కకు మైనస్ 70 డిగ్రీలు, అంతకంటే చల్లగా నిల్వ చేసినదే కావాలి. దారిలో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) అయిపోయి గడ్డ విడిపోయిన ఎముకను వెనక్కి పంపేయాల్సిందే.

కొలత సీటీ స్కాన్‌తో ముందే సరిచూడాలి. థియేటర్‌లో పెట్టె తెరవగానే క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకు స్వాబ్ తీసి, ఎముకను యాంటీబయాటిక్ కలిపిన సెలైన్‌లో ఉంచి గడ్డ విడిపోనిస్తారు. అసలు పనితనం దాత ముక్క రెండు చివర్లూ సొంత ఎముకను కలిసే రెండు అతుకుల దగ్గరే ఉంది. అంచులు సందు లేకుండా ఆనాలి, ప్లేటు రెండు అతుకులనూ దాటి ఇటూ అటూ సొంత ఎముకను గట్టిగా పట్టుకోవాలి. దాత ముక్కలో స్క్రూలు ఎంత తక్కువైతే అంత మంచిది, ఎందుకంటే ఆ రంధ్రాలు పూడవు, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. లోపల యాంటీబయాటిక్ సిమెంటు నింపితే బలం వస్తుంది గానీ అది అతుకులోకి చొరబడకూడదు.

ఇది ప్రాణం లేని ఎముక. కొత్త ఎముక అతుకుల దగ్గరా పైపొరలోనూ కొద్దిగానే పాకుతుంది. రక్తం అందదు కాబట్టి ఇన్ఫెక్షన్ వస్తే మందులూ అందవు, చాలాసార్లు ముక్కనే తీసేయాలి. అమెరికాలో ఎముకల సర్జన్ మాంకిన్ బృందం 1996లో ప్రచురించిన, దాత ఎముక పెట్టిన 718 మంది రోగుల లెక్కలో ఇన్ఫెక్షన్ 11 శాతం, విరగడం 19 శాతం, అతుక్కోకపోవడం 17 శాతం. కీమోథెరపీ అతుకును ఇంకా ఆలస్యం చేస్తుంది. అందుకే పొడవాటి ముక్కల్లో రోగి సొంత ఫిబులాను (పిక్క దగ్గరి సన్నటి ఎముక) రక్తనాళాలతో సహా లోపల దూర్చే కపన్నా పద్ధతి మాకు నచ్చుతుంది, ఆపరేషన్ ఎక్కువసేపు పట్టినా సరే.

కిడ్నీ మార్పిడిలా శరీరం తిరస్కరించకుండా జీవితాంతం మందులు మింగాలేమోనన్న భయం వద్దు, ఆ అవసరం లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకుంటే గ్రాఫ్ట్ (దాత ఎముక) ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో రాసివ్వమనండి. ఎక్స్‌రేలో రెండు అతుకులూ కలిసినట్టు కనిపించేదాకా చంక కర్రలు వదలొద్దు. నొప్పి లేదు కదా అని ముందే పూర్తి బరువు మోపితే ప్లేటు అలిసి విరుగుతుంది.