నాలుగేళ్లు, 5,500 రౌండ్లు: తక్కువ ధర .22 బోల్ట్ రైఫిల్‌తో నా అనుభవం

ఈ రైఫిల్‌తో పేచీ అంతా మ్యాగజైన్ (గుండ్లు నింపే డబ్బా) దగ్గరే, బ్యారెల్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కొన్న కొత్తలో ఈ సంగతి తెలిసి ఉంటే స్కోపు మార్చడానికి పెట్టిన డబ్బు మిగిలేది. చెన్నైలో .22 కొందామనుకునే మనవాళ్లు చాలామంది ఈ మధ్య అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే చాలా రైఫిళ్లలో తలనొప్పులు ఇలాంటివే.

నాది .22 ఎల్ఆర్ (చిన్న సైజు తూటా), బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకూ చేత్తో బోల్ట్ లాగి తోయాలి), 5 రౌండ్ల మ్యాగజైన్, చెక్క స్టాక్ (బ్యారెల్‌ని పట్టి ఉంచే, భుజానికి ఆనించే భాగం). స్కోపుతో కలిపి లక్ష దాటలేదు. పోటీల కోసం చేసిన మంచి మ్యాచ్ రైఫిల్ లక్షల్లో ఉంటుంది. నేను ఉండేది తిరువాన్మియూరులో, సముద్రానికి నడిచి వెళ్లే దూరం. ఈ విషయం తర్వాత అవసరమవుతుంది. శని, ఆదివారాల్లో రేంజ్‌కి వెళ్తాను, 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని) కాలుస్తాను. 50 రౌండ్ల పెట్టె అయిపోయిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో ఒక గీత గీస్తాను. మొన్నటికి 110 గీతలయ్యాయి.

మొదటి ఆరు నెలలు నా గ్రూప్ (వరుసగా కాల్చిన గుండ్లు టార్గెట్ మీద ఎంత వెడల్పులో పడ్డాయో) అర్థమయ్యేది కాదు. మూడు గుండ్లు ఒకదాని పక్కన ఒకటి పడేవి, నాలుగోది ఎక్కడికో పోయేది. శ్వాస తప్పు అనుకున్నాను, స్లింగ్ (చేతికి తగిలించే పట్టీ) బిగువు అనుకున్నాను. చివరికి స్కోపు మీద అనుమానపడి కొత్తది కొన్నాను. అదీ అంతే.

మా రేంజ్‌లో గూడూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకరున్నారు. బాబాయ్ అని పిలుస్తాం. ఆయన నా పక్కన పడుకుని రెండు మ్యాగజైన్లు చూసి, "అది తీసి పక్కన పెట్టు నాయనా, ఒక్కొక్క గుండే చేత్తో పెట్టి కాల్చు" అన్నారు. పది రౌండ్లు అలా కాల్చాను. 18 మిల్లీమీటర్ల గ్రూప్. మళ్లీ మ్యాగజైన్ పెట్టి పది కాల్చాను. 34 మిల్లీమీటర్లు. అదే పెట్టె, అదే గాలి, అదే నేను.

ఆ రోజు ఇంటికొచ్చి డమ్మీ రౌండ్లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) పెట్టి, టార్చి వేసి, బోల్ట్‌ని మెల్లగా తోస్తూ చూశాను. నాలుగో రౌండ్ ముక్కు కిందికి వాలి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) అంచుకు తగిలి, అప్పుడు లోపలికి జారుతోంది. బయటకు తీసి చూస్తే సీసం మీద గోరుతో గీసినట్టు ఒక పక్క తెల్లగా మెరుస్తున్న గీత. .22 గుండు మెత్తటి సీసం, పైన పల్చటి మైనం పూత తప్ప ఇంకే తొడుగూ లేదు. ఒక పక్క చెక్కుకుపోయిన గుండు తిన్నగా ఎలా వెళ్తుంది? కారణం మ్యాగజైన్ పైన గుండును పట్టుకునే రేకు పెదవులు. ఎప్పుడో సిమెంటు నేల మీద పడినప్పుడు ఒకటి వెంట్రుకవాసి లోపలికి వంగింది. కంటికి కనబడదు, కొత్తదాని పక్కన పెట్టి చూస్తే తప్ప.

కొత్త మ్యాగజైన్‌తో గ్రూప్ 22, 24 దగ్గర నిలిచింది. నింపేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈ తూటాకు వెనక అంచు బయటికి ఉంటుంది కాబట్టి పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే ఒకదాన్నొకటి పట్టుకుని బోల్ట్ ఇరుక్కుంటుంది.

నిజానికి పోటీకి మ్యాగజైన్ అక్కర్లేదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 50 మీటర్ల రైఫిల్‌లో ఒక్కో గుండూ చేత్తో పెట్టే కాల్చాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల 3 పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) కాంస్యం గెలిచింది కూడా అలాగే. మ్యాగజైన్ స్థానంలో పెట్టే చిన్న ప్లాస్టిక్ పలక ఒకటి చేయించుకున్నాను. గుండు దాని మీద పెడితే నేరుగా ఛాంబర్‌లోకి జారుతుంది. ఇప్పుడు పోటీ ప్రాక్టీస్ అంతా దాంతోనే. 50 మీటర్ల టార్గెట్‌లో 10 రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, 9 రింగు 26.4. నా గ్రూప్ మధ్యలో కూర్చుంటే గుండ్లు 9 లోపలే ఉంటాయి. ఈ ధరకి నాకు అది చాలా ఎక్కువ.

తూటాల సంగతి క్లుప్తంగా. వేగం ఎక్కువని రాసి ఉన్న పెట్టెలు కొనకండి. అవి శబ్దవేగం కన్నా ఎక్కువ వేగంతో బయల్దేరి, దారిలో దాని కిందికి దిగుతాయి. దిగే చోట గుండు కుదుపుకు లోనవుతుంది. 40 గ్రెయిన్ల (గుండు బరువు) మామూలు వేగం తూటాలే నా బ్యారెల్‌కు పడ్డాయి. బ్యారెల్ శుభ్రం చేశాక మొదటి పది రౌండ్లను లెక్కలోకి తీసుకోను. లోపల మైనం, సీసం మళ్లీ సర్దుకోవాలి.

చెన్నైలో అసలు పరీక్ష తేమతోనే. ఏప్రిల్‌లో బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య పది రూపాయల నోటు పెడితే మొదటి నుంచి చివరి దాకా హాయిగా జారేది. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక నవంబర్‌లో అదే నోటు సగంలో ఇరుక్కుంది. ఎడమ పక్క చెక్క ఉబ్బి బ్యారెల్‌ని తోస్తోంది. అదే సమయంలో నా జీరో (స్కోపు గురి, గుండు పడే చోటు కలిసే అమరిక) పక్కకు జరిగింది. గొట్టం లాంటి కర్రకు గరుకు కాగితం చుట్టి లోపలి గాడి కొంచెం వెడల్పు చేయించాను, తర్వాత వార్నిష్ పట్టించాను. స్టాక్‌ని పట్టి ఉంచే రెండు స్క్రూలూ టార్క్ స్క్రూడ్రైవర్‌తో ప్రతిసారీ ఒకే బిగువు పెడతాను. ఈ రెండు పనులకూ అయిన ఖర్చు ఆ స్కోపులో పదో వంతు కూడా లేదు.

తుప్పు గురించి గట్టిగా చెప్పాలి. బోల్ట్ హ్యాండిల్ మీద నా వేలిముద్ర ఒకటి ఇప్పటికీ ఉంది. రేంజ్ నుంచి అలసిపోయి వచ్చి, తుడవకుండా పెట్టెలో పెట్టిన ఒక్క రాత్రి పని అది. స్పాంజి ఉన్న పెట్టె ప్రయాణానికే, ఇంట్లో దాచడానికి కాదు. స్పాంజి చెమ్మను పట్టి ఉంచుతుంది. నూనె గుడ్డతో తుడిచి, సిలికా జెల్ సంచులతో, తాళం వేసిన ఇనుప బీరువాలో నిలబెట్టాలి. తూటాలు వేరే తాళంలో.

2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు రైఫిల్ డిపాజిట్ చేయాల్సి వచ్చింది, అంటే ఎన్నికలు అయ్యేదాకా అప్పగించి ఉంచాలి. రైఫిల్ అసోసియేషన్ సభ్యులై పోటీల్లో పాల్గొనేవాళ్లకు మినహాయింపు ఉంటుంది, నేను అర్జీ ఆలస్యంగా పెట్టాను. మార్చిలో ఇచ్చినది జూన్‌లో చేతికొచ్చేసరికి బ్యారెల్ కొసన నారింజ రంగు పొడి. లోపల నూనె పట్టించి ఇచ్చాను కాబట్టి గొట్టం బతికింది. డిపాజిట్‌కు ఇచ్చేముందు లోపలా బయటా నూనె పూసి, ఫొటోలు తీసుకుని ఇవ్వండి. తీసుకునేటప్పుడు బోల్ట్ కూడా ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టండి.

ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని లాగడానికి పట్టే బలం. సూట్‌కేసు తూచే కాటాతో చూస్తే 2 కిలోల పైనే. అనుభవమున్న గన్‌స్మిత్ చేతిలో కొంత తగ్గింది. ఇంట్లో ఆకురాయి పట్టుకుని ప్రయత్నించవద్దు, కాస్త తట్టగానే పేలే ట్రిగ్గర్ పక్కవాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి ప్రాక్టీస్ చేసే అలవాటున్నవాళ్లు స్నాప్ క్యాప్ (తూటా స్థానంలో పెట్టే డమ్మీ) తప్పక వాడండి. .22లో ఫైరింగ్ పిన్ తూటా అంచు మీద కొడుతుంది. తూటా లేకపోతే ఛాంబర్ అంచు మీద గుంట పడవచ్చు.

లైసెన్స్ ఇప్పుడు 5 ఏళ్లకు ఇస్తున్నారు, 2019 ఆయుధాల చట్ట సవరణకు ముందు 3 ఏళ్లే. "ఊరికి తెస్తే అడవిపందుల పని పడదామా" అని మా నెల్లూరు బావ ప్రతి సంక్రాంతికీ అడుగుతాడు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, లైసెన్స్ క్రీడ కోసమని ఉంది, రైఫిల్ ఇల్లు దాటితే రేంజ్‌కే. ఈ విషయంలో బంధువులకు మొహమాటం లేకుండా చెప్పేస్తాను.

ముందు ఒక ఏడాది క్లబ్ రైఫిల్‌తో కాల్చి, ఈ ఆట మీకు పడుతుందని తేలాక ఇలాంటిది కొనండి. రాష్ట్ర స్థాయి పైన లక్ష్యం పెట్టుకున్నవాళ్లు మ్యాచ్ రైఫిల్‌కి డబ్బు దాచుకోవడమే మంచిది. మిగతావాళ్లు కొనే రోజే రెండో మ్యాగజైన్ కూడా తీసుకోండి. బిల్లు కట్టకముందే రెండింటినీ పక్కపక్కన పెట్టి పెదవులు సరిపోల్చండి. దుకాణంలోనే డమ్మీ రౌండ్లు నింపి, బోల్ట్ మెల్లగా తోసి, ఐదింటి ముక్కులూ వెలుతురులో ఒక్కొక్కటిగా తిప్పి చూడండి. గీత కనబడితే వేరే మ్యాగజైన్ అడగండి.